డోలు ముందుకు వచ్చింది: బేలా బార్టోక్ జీవితం

బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి

సంగీతం గురించి నువ్వెందుకు రాస్తున్నావని మిత్రులు అడుగుతారని నాకు తెలుసు. నాకు స్వరజ్ఞానం లేదు. ఏ వాయిద్యమూ నేర్చుకోలేదు. గోదావరి డెల్టాలో వరి పండించే ఇంటినుంచి వచ్చి భౌతికశాస్త్రం చదువుకుంటున్నవాణ్ణి. అయితే ఈ ఏడు వార్షికోత్సవానికి కార్యక్రమాలు అనుకుంటున్నప్పుడు యూనియన్ గదిలో ఒక చర్చ లేచింది. మన విద్యార్థుల్లో డప్పు, డోలు, తబలా, మృదంగం వాయించేవాళ్ళున్నారు గదా, వయొలిన్లూ బాకాలూ లేకుండా వీటితోనే పాశ్చాత్యుల పెద్ద ఆర్కెస్ట్రా కృతి ఏదైనా వాయించగలమా అన్నది ఆ చర్చ. కొందరు నవ్వారు. డోలంటే పాట వెనక దరువే గాని డోలే పాట ఎలా అవుతుందన్నారు. కొందరు కాదన్నారు. ఎటూ తేలలేదు.

జవాబు వెతుకుతూ లైబ్రరీలో పుస్తకాలు తిరగేశాను. హాస్టల్లో రాత్రిళ్ళు రికార్డింగులు విన్నాను. ఒకే పేరు మళ్ళీ మళ్ళీ ఎదురైంది. అది బేలా బార్టోక్. హంగేరీ దేశస్థుడు. ఇరవయ్యవ శతాబ్దపు సంగీతకర్తలలో మొదటి వరుసలో లెక్కించదగినవాడు. ఆయన జీవితం చదివాక రెండు సంగతులు నాకు ఆశ్చర్యం కలిగించాయి. ఒకటి, పాశ్చాత్య వాద్యబృందంలో ఎప్పుడూ చివరి వరుసలో నిలబడే డోళ్ళను, తాళాలను, కొయ్యపలకలను ముందు వరుసకు తెచ్చినవారిలో ఆయన ముఖ్యుడు. రెండు, ఆయన తన సంగీతంలో సగం రైతుల ఇళ్ళలో నేర్చుకున్నాడు. ఈ రెండో సంగతి లేకపోతే నేను ఈ వ్యాసానికి పూనుకునేవాణ్ణి కాదు.

డోలు కొట్టిన పసివాడు

బార్టోక్ 1881 మార్చి 25న నాజ్‌సెంట్‌మిక్లోష్ అనే చిన్న పట్టణంలో జన్మించాడు. ఆనాడది హంగేరీ రాజ్యంలోది. నేడు రుమేనియాలో ఉంది. తండ్రి అక్కడి వ్యవసాయ పాఠశాలకు ప్రధానోపాధ్యాయుడు. సంగీతమంటే ప్రాణం పెట్టేవాడు. ఊళ్ళో ఔత్సాహికులను కూడగట్టి ఒక వాద్యబృందం కూడా నడిపాడు. తల్లి పౌలా ఉపాధ్యాయిని. పియానో వాయించేది.

పసితనంలో మశూచి టీకా వికటించి పిల్లవాడికి ఒళ్ళంతా పొక్కులు లేచాయి. అయిదేళ్ళు వచ్చేదాకా ఆ బాధ వదల్లేదు. నలుగురిలోకి రావడానికి సిగ్గుపడి ఇంటిపట్టునే ఉండేవాడు. మూడేళ్ళ వయసులో ఆయనకొక చిన్న డోలు బహుమతిగా వచ్చింది. తల్లి పియానో వాయిస్తుంటే, బుల్లి కుర్చీలో కూచుని, డోలు ఎదుట పెట్టుకొని, లయ తప్పకుండా కొట్టేవాడట. తల్లి కావాలని మూడు దెబ్బల నడకనుంచి నాలుగు దెబ్బల నడకకు మారితే, క్షణం ఆగి, కొత్త నడక చెవిన వేసుకొని, మళ్ళీ అందుకునేవాడట. ఆ తల్లే తరువాతి కాలంలో మనవడికి రాసిన ఉత్తరంలో ఈ ముచ్చట చెప్పింది. నాలుగేళ్ళ నాటికి ఒక్క వేలితో నలభై దాకా పాటలు పియానో మీద పలికించేవాడు.

1888లో తండ్రి పోయాడు. పిల్లవాడికి ఏడేళ్ళు. చెల్లెలు ఎల్జా అంతకంటే చిన్నది. తల్లి ఉద్యోగం చూసుకుంటూ, పియానో పాఠాలు చెబుతూ, ఇద్దరు పిల్లలతో ఊరూరూ మారింది. నేడు ఉక్రెయిన్‌లో ఉన్న నాజ్‌సోలోష్ అనే ఊళ్ళో, 1892లో, పదకొండేళ్ళ వయసులో బార్టోక్ మొదటి కచేరీ చేశాడు. డాన్యూబ్ నది ప్రవాహం మీద తాను సొంతంగా కట్టిన కృతి కూడా అందులో వాయించాడు. చివరికి 1894లో ఆ కుటుంబం పోజోనీ నగరంలో స్థిరపడింది. అదే నేటి స్లొవేకియా రాజధాని బ్రాటిస్లావా. పుట్టింది నేటి రుమేనియాలో, తొలి కచేరీ నేటి ఉక్రెయిన్‌లో, హైస్కూలు చదువు నేటి స్లొవేకియాలో. ఈ సరిహద్దుల గొడవ ఆయన్ను జీవితాంతం వెన్నాడింది గనుక పాఠకులు ఇది గుర్తుంచుకోవాలి.

పనిమనిషి పాట

1899లో బుడాపెస్ట్ సంగీత అకాడమీలో చేరి 1903 వరకు చదివాడు. ఆ రోజుల్లో ఆస్ట్రియా చక్రవర్తే హంగేరీకి రాజు. యువకులలో దేశాభిమానం పొంగుతున్న కాలం. బార్టోక్ కూడా హంగేరీ జాతీయ దుస్తులు ధరించి తిరిగాడు. 1848 నాటి తిరుగుబాటు నాయకుడు కొషూత్ మీద పెద్ద ఆర్కెస్ట్రా కృతి రాశాడు. అది 1904 జనవరిలో బుడాపెస్ట్‌లో, మరుసటి నెలలో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో వినిపించింది. ఇరవై రెండేళ్ళ కుర్రవాడికి అంతకంటే ఏం కావాలి? పేరు వచ్చింది. ఆ దారినే పోయి ఉంటే హాయిగా బతికేవాడు.

కాని అదే 1904 వేసవిలో ఒక పల్లెపట్టున ఉంటూ, లీడీ దోషా అనే పనిపిల్ల పాడుకుంటున్న పాట విన్నాడు. ఆమె ట్రాన్సిల్వేనియా ప్రాంతపు పిల్ల. ఆ పాట ఆయనకు తెలిసిన హంగేరీ సంగీతంలా లేదు. పట్నంలో హోటళ్ళలో జిప్సీ మేళాలు వాయించే పాటలనే చదువుకున్నవాళ్ళంతా జాతీయ సంగీతమని నమ్ముతూ వచ్చారు. అవి నిజానికి ఈ మధ్య పట్నవాసులు కట్టిన పాటలు. అసలు పాత పాట పొలాల్లో, పాకల్లో, ముసలమ్మల నోట ఉంది. దాన్ని పట్టించుకున్న నాథుడు బహు తక్కువ.

1905లో జోల్తాన్ కొదాయ్ పరిచయమయ్యాడు. ఆయనా సంగీతకర్తే, జానపద గేయాల మీద పరిశోధన చేస్తున్నవాడు. ఇద్దరూ ప్రాణమిత్రులయ్యారు. ఎడిసన్ ఫోనోగ్రాఫ్ భుజాన వేసుకొని పల్లెలమీద పడ్డారు. 1906లో ఇరవై పాటలు పియానో సహకారంతో అచ్చువేశారు. ఆ పుస్తకం అమ్ముడుపోవడానికి ఏళ్ళూ పూళ్ళూ పట్టింది.

ఫోనోగ్రాఫ్ ఎలా పనిచేస్తుందో సైన్సు విద్యార్థులకు చెప్పక్కర్లేదు. ఆర్ట్స్ మిత్రుల కోసం చెబుతున్నాను. పాడేవాళ్ళు ఒక గరాటులోకి పాడాలి. గరాటు చివర పల్చని పొర ఉంటుంది. గొంతు తాకిడికి ఆ పొర అదిరితే, దానికి అతికిన సూది తిరుగుతున్న మైనపు గొట్టం మీద గీత గీస్తుంది. మళ్ళీ సూదిని అదే గీతలో నడిపిస్తే పాట వినిపిస్తుంది. కరెంటుతో పని లేదు. ఒక గొట్టం మీద రెండు మూడు నిమిషాలే పడుతుంది. బార్టోక్ వాటిని మెల్లగా తిప్పి, పదే పదే విని, ప్రతి వంపూ స్వరాల్లో రాసుకునేవాడు.

ఈ పని చెప్పుకున్నంత తేలిక కాదు. బళ్ళమీదా కాలినడకనా పోవాలి, రైతుల ఇళ్ళలోనే పడుకోవాలి. ఇంతా చేసి ముసలమ్మలు నోరు విప్పరు. పట్నం దొర తమను ఎగతాళి చేయడానికి వచ్చాడనుకునేవాళ్ళు కొందరు. పాత పాటలు మరిచిపోయామనీ, కొత్తవి చర్చిలో పాడేవి వినమనీ అనేవాళ్ళు కొందరు. ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. మా మామ్మను ఊడ్పుల పాట ఒకటి పాడవే, ఫోనులో పట్టుకుంటానంటే ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, పొలంలో పాడేది ఇంట్లో ఎవరైనా పాడతారట్రా అని కసురుతుంది. హంగేరీ ముసలమ్మలకీ మా మామ్మకీ తేడా ఏమీ లేదు.

అయినా బార్టోక్ వదల్లేదు. 1907లో అకాడమీలో పియానో ఆచార్యుడైనా సెలవు దొరికితే చాలు పల్లెలే. హంగేరియన్లతో ఆగకుండా స్లొవాక్, రుమేనియన్ పల్లెలు తిరిగాడు. వేలాది పాటలు సేకరించాడు. 1913లో ఉత్తర ఆఫ్రికాలో అల్జీరియాకు పోయి బిస్క్రా ప్రాంతపు అరబ్బుల సంగీతం రికార్డు చేశాడు. అక్కడ ఏ పాట పాడినా పక్కన డోలో డప్పో ఉండి తీరుతుందని గమనించాడు. 1936లో టర్కీకి వెళ్ళి అక్కడి సంగీతకర్త సైగున్‌తో కలిసి అదానా పరిసరాలలో పాటలు పట్టాడు. పురుగులను, మొక్కలను, రాళ్ళను పోగుచేయడం కూడా ఆయనకు చిన్ననాటి నుంచీ సరదా. పాటలను కూడా అదే శ్రద్ధతో వర్గాలుగా, ఉపవర్గాలుగా విడదీసి పెట్టుకున్నాడు. శాస్త్రజ్ఞుడంటే ఇతనే గదా అనిపించింది నాకు.

ఆ పాటల్లో దొరికిన ముఖ్యమైన సరుకు లయ. పాశ్చాత్య సంగీతం మూడు దెబ్బలు, నాలుగు దెబ్బలు అంటూ సమానంగా నడవడానికి అలవాటు పడింది. పల్లె లయలు అలా నడవవు. బల్గేరియా నృత్యాల్లో రెండూ రెండూ మూడూ కలిసి ఏడు, నాలుగూ రెండూ మూడూ కలిసి తొమ్మిది వస్తాయి. మనకిది కొత్తగాదు. మిశ్రచాపు ఏడే, ఖండచాపు అయిదే. యూరపువాళ్ళకు కొత్త. పియానో నేర్చుకునే పిల్లల కోసం బార్టోక్ 153 చిన్న కృతులతో 'మైక్రోకాస్మస్' రాసినప్పుడు చివరి ఆరింటినీ ఈ బల్గేరియన్ లయలలోనే పెట్టాడు.

సుత్తులున్న పెట్టె

ఇంతకీ పియానో ఏ జాతి వాద్యం? తీగలున్నాయి గనుక తీగవాద్యమని చాలామంది అనుకుంటారు. కాని మీట నొక్కితే లోపల ఒక సుత్తి వచ్చి తీగను కొడుతుంది. అంటే డోలుకూ దానికీ చుట్టరికం ఉంది. అంతకు ముందు శతాబ్దమంతా పియానో చేత గొంతులా పాడించాలని తంటాలు పడ్డారు. బార్టోక్ దాన్ని కొట్టే వాద్యంగానే ఒప్పుకున్నాడు. 1911లో రాసిన 'అల్లెగ్రో బార్బరో'లో పియానో దరువు వేస్తుంది. 1926లో రాసిన 'బయలు ప్రదేశంలో' అనే కృతుల గుచ్ఛంలో మొదటిదానికి పేరే డోళ్ళూ పిల్లనగ్రోవులూ. అదే ఏడాది రాసిన మొదటి పియానో కాన్సర్టోలో నడిమి భాగం నుంచి వయొలిన్లవంటి తీగవాద్యాలను పూర్తిగా తీసేసి, పియానోను డోళ్ళతో, తాళాలతో మాట్లాడించాడు. ఊదే వాద్యాలు మాత్రం తోడు వస్తాయి. 1927లో ఫ్రాంక్‌ఫర్ట్‌లో తానే దాన్ని వాయించాడు.

ఈ దారిలో ఆయన ఒంటరి కాదని చెప్పడం న్యాయం. రష్యావాడైన స్ట్రావిన్‌స్కీ పల్లెటూరి పెళ్ళి మీద 'లే నోస్' అనే కృతిని మొదట పెద్ద ఆర్కెస్ట్రాకు అనుకొని, ఏళ్ళ తరబడి మార్చి మార్చి, చివరికి 1923లో నాలుగు పియానోలు, డోళ్ళు, గాయకులతో ముగించాడు. 1931లో ఎడ్గార్ వరేజ్ 'ఐయొనైజేషన్' అనే కృతిని పదముగ్గురు డోలు వాద్యగాళ్ళకే రాశాడు. 1967లో రష్యాలో షెడ్రిన్, బిజే రాసిన 'కార్మెన్' ఒపెరా సంగీతాన్ని ఊదే వాద్యాలు తీసేసి తీగలకూ డోళ్ళకూ మార్చి కట్టాడు. కాబట్టి మన యూనియన్ గదిలో లేచిన ప్రశ్న వెర్రి ప్రశ్నేమీ కాదు. పెద్దవాళ్ళే దానితో కుస్తీ పట్టారు.

ఇద్దరు పియానోలో, ఇద్దరు డోళ్ళ దగ్గర

మొదటి ప్రపంచయుద్ధం తరువాత 1920 నాటి ట్రియనాన్ ఒప్పందంతో హంగేరీ తన భూభాగంలో మూడింట రెండు వంతులు పోగొట్టుకుంది. బార్టోక్ పాటలు పట్టిన పల్లెలు, పుట్టిన ఊరు, తల్లి ఉన్న ఊరు, అన్నీ పరాయి దేశాలయ్యాయి. రుమేనియా పాటల మీద ఆయన రాస్తే స్వదేశంలోనే దేశద్రోహి అన్నవాళ్ళున్నారు. పొరుగువాడి పాట బాగుందనడం కూడా ద్రోహమే! ఆయన లెక్కచేయలేదు. 1934లో పియానో పాఠాలు చెప్పే పని మాని, హంగేరియన్ శాస్త్ర అకాడమీలో కూచుని ఆ పాటలన్నీ సరిచూసి వర్గీకరించే పని చేపట్టాడు.

ఆ రోజుల్లోనే స్విట్జర్లండులోని బాజెల్ నగరంలో పాల్ జాహర్ అనే సంగీత నిర్వాహకుడు తన బృందపు పదేళ్ళ పండుగకు ఒక కృతి కావాలని అడిగాడు. 1936లో బార్టోక్ తీగవాద్యాలకు, డోళ్ళకు, చెలెస్టాకు ఒక కృతి రాసిచ్చాడు. దాని మూడో భాగం జైలోఫోన్‌తో మొదలవుతుంది. కొయ్యపలక మీద ఒకే స్వరం, మెల్లగా మొదలై, వడివడిగా సాగి, మళ్ళీ నెమ్మదిస్తుంది. వెనక టింపానీ అనే రాగి బానలాంటి డోలు కాలితో తొక్కే మీట సాయంతో, మోగుతూ మోగుతూనే శ్రుతి మారి జారుతుంది. చీకటిపడ్డాక పొలం గట్టున కూచుంటే వినిపించే చప్పుళ్ళలాంటివి ఆ భాగంలో ఉన్నాయి. కప్పలూ కీచురాళ్ళూ తెలిసినవాళ్ళకు ఆ సంగీతం విడమరిచి చెప్పక్కర్లేదు.

మరుసటి ఏడాది, 1937 వేసవిలో, రెండు పియానోలకు, డోళ్ళకు సొనాటా రాశాడు. 1938 జనవరి 16న బాజెల్‌లోనే తొలిసారి వినిపించింది. ఒక పియానో బార్టోక్, రెండోది ఆయన భార్య డిట్టా. డోళ్ళ దగ్గర ఇద్దరు. వాళ్ళ చుట్టూ టింపానీలు, పెద్ద డోలు, తీగలున్న సైడ్ డ్రమ్, తీగలు లేని సైడ్ డ్రమ్, ఇత్తడి తాళాలు, ఇనుప ముక్కోణం, జేగంటకు పెద్దన్నలాంటి టాంటాం, జైలోఫోన్. అంతే. అంత సరంజామాకు ఒక్క పియానో ఆనదని రెండు పెట్టాడు.

మన చర్చకు జవాబు ఇక్కడే నాకు దొరికింది. ఆర్కెస్ట్రాలో ఒక్కొక్క వాద్యం ఒక్కొక్క పని చేస్తుంది. పాట ఒకరిది, కింది స్వరం ఒకరిది, మధ్యన నింపుడు ఒకరిది, రంగు ఒకరిది. డోళ్ళ బృందానికి మార్చాలంటే మనుషులను కాదు, పనులను పంచాలి. పాట జైలోఫోన్‌కు పోతుంది. కింది స్వరం శ్రుతి చేసిన టింపానీకి పోతుంది. స్వరాల కలయిక సుత్తుల పెట్టెకు పోతుంది. సాగదీసి పలకవలసినచోట డోలు సాగదు గనుక కర్రలతో గబగబా దొర్లించాలి. రంగు కోసం తాళాలున్నాయి. బార్టోక్ ఇక్కడ ఎంత పట్టుదలగా ఉన్నాడంటే, సైడ్ డ్రమ్‌ను ఎక్కడ అంచున కొట్టాలో, ఎక్కడ నడిమధ్య కొట్టాలో రాశాడు. ఒకచోట తాళాన్ని గోటితోగాని, జేబుకత్తి అలుగుతోగాని అంచున తాకించమన్నాడు. డోలు వాద్యగాణ్ణి వయొలిన్ వాద్యగాడితో సమానంగా చూడటమంటే ఇదే.

అంచుకూ మధ్యకూ తేడా ఏమిటంటారా? బిగించిన గుండ్రటి తోలు ఒక్క విధంగా అదరదు, ఎన్నో విధాలుగా అదురుతుంది. నడిమధ్య కొడితే మధ్యలో కదలిక ఉన్న విధాలే లేస్తాయి, చప్పుడు మొద్దుగా వచ్చి చప్పున ఆరిపోతుంది. అంచువైపు జరిగితే మిగిలినవీ లేచి శబ్దం పదునెక్కుతుంది. తీగ అదురులు 1, 2, 3, 4 అనే నిష్పత్తిలో ఉంటాయి గనుక చెవికి ఒక్క స్వరంగా వినిపిస్తాయి. మామూలు తోలువి 1, 1.59, 2.14, 2.30 ఇలా పొంతన లేకుండా ఉంటాయి. అందుకే చాలా డోళ్ళకు స్పష్టమైన స్వరం లేదు. మన మృదంగం, తబలా దీనికి మినహాయింపు. నడుమ వేసే నల్లటి కరణి బరువుకు ఆ అదురులు దాదాపు తీగ నిష్పత్తిలోకి వస్తాయని 1920లో లోకానికి చెప్పినవాడు సి.వి. రామన్. చిన్నప్పుడు మన విశాఖపట్నంలో చదువుకున్న రామనే. యూరపులో బార్టోక్ చెవితో పట్టుకున్నదాన్ని ఇక్కడ రామన్ లెక్కతో పట్టుకున్నాడు.

దేశం విడిచి

1938లో హిట్లర్ ఆస్ట్రియాను మింగేశాడు. బార్టోక్ కృతులు అచ్చువేసే వియన్నా సంస్థ నాజీల చేతికి పోయింది. సంగీతకర్తలు ఆర్యులా కాదా చెప్పమంటూ ప్రశ్నపత్రాలు వచ్చాయి. బార్టోక్ యూదుడు కాడు. జవాబు రాసి ఊరుకుంటే ఆయన జోలికి ఎవరూ రారు. అయినా ఆయనా కొదాయ్ ఆ పత్రం నింపడానికి నిరాకరించారు. ఆయన లండన్ ప్రచురణకర్తల దగ్గరికి మారిపోయాడు. తల్లి ఉన్నంతకాలం దేశం విడిచిపోలేకపోయాడు. 1939 డిసెంబరులో ఆమె కన్నుమూసింది. 1940 అక్టోబరులో భార్యతో కలిసి లిస్బన్ మీదుగా న్యూయార్కు చేరాడు. పోయేముందు రాసిన వీలునామాలో ఒక షరతు పెట్టాడు. హంగేరీలో హిట్లర్, ముస్సోలినీల పేర్లతో వీధులో కూడళ్ళో ఉన్నంతకాలం తన పేరు ఏ వీధికీ పెట్టకూడదని దాని సారాంశం.

అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. సెర్బో-క్రొయేషియన్ పల్లెపాటల రికార్డింగులను స్వరాల్లోకి రాసే పని కూడా ఇచ్చింది. అది తాత్కాలికపు పని. కచేరీలు అంతంతమాత్రం. ఆ గడ్డు రోజుల్లోనే ప్రచురణకర్తల సలహా మీద, ఎక్కువచోట్ల వాయించడానికి వీలుగా ఉంటుందని, డోళ్ళ సొనాటాను రెండు పియానోల కాన్సర్టోగా, ఆర్కెస్ట్రాకు మార్చి రాశాడు. అంటే మనం అనుకున్నదానికి తిరుగుడు పని. చిత్రమేమిటంటే నలుగురి వాద్యభాగాలనూ ఇంచుమించు ఉన్నవి ఉన్నట్టే ఉంచేశాడు. వయొలిన్లు, వేణువులు, బాకాలు చుట్టూ చేరి రంగు మాత్రం అద్దాయి. చిన్న బృందంలోనే అంతా ఉందని దీన్నిబట్టి తెలియడం లేదూ? ఈ రోజుకీ ఆ ఆర్కెస్ట్రా రూపంకంటే నలుగురు వాయించే సొనాటానే ఎక్కువగా వినిపిస్తుంది.

1943 జనవరి 21న న్యూయార్కులో ఫ్రిట్జ్ రైనర్ నిర్వహణలో బార్టోక్, డిట్టా ఆ కాన్సర్టో వాయించారు. పియానో వాద్యగాడిగా బార్టోక్ జనం ముందు కూచోవడం అదే ఆఖరు. మూడేళ్ళప్పుడు తల్లి పియానో పక్కన డోలు పెట్టుకున్నవాడు, చివరిసారి పియానో దగ్గర కూచున్నప్పుడూ పక్కన డోళ్ళే ఉన్నాయి.

మరుసటి నెలలో హార్వర్డ్‌లో ఉపన్యాసాలిస్తూ ఉండగా జబ్బు ముదిరింది. మనిషి ఎముకల గూడయ్యాడు. అమెరికా సంగీతకర్తల సంఘం వైద్యం ఖర్చు భరించింది. దానం పుచ్చుకునే స్వభావం కాదని తెలిసిన స్నేహితులు, రైనర్, సిగెటి, ఆయనకు తెలియకుండా బోస్టన్ సింఫొనీ నిర్వాహకుడు కూసెవిట్‌స్కీని కదిపారు. ఆయన ఆసుపత్రి గదికి వచ్చి, పోయిన తన భార్య స్మృతికి ఒక కృతి కావాలని అడిగాడు. సరనాక్ లేక్ అనే కొండ ఊళ్ళో విశ్రాంతి తీసుకుంటూ 1943లో బార్టోక్ రాసిన కృతి పేరు 'కాన్సర్టో ఫర్ ఆర్కెస్ట్రా'. 1944 డిసెంబరు 1న బోస్టన్‌లో వినిపించింది. ఆయన కృతుల్లో ఎక్కువమంది వినేది ఇదే. దాని రెండో భాగం ఎవరితో మొదలవుతుందో తెలుసా? తీగలు విప్పేసిన సైడ్ డ్రమ్‌తో, ఒంటరిగా. ముగిసేదీ దానితోనే. నడుమ ఊదే వాద్యాలు జంటలు జంటలుగా వచ్చి పోతాయి.

1944లో వయొలిన్ విద్వాంసుడు మెనూహిన్ కోసం ఒక సొనాటా రాశాడు. తరువాతి కాలంలో మన రవిశంకర్‌తో కలిసి వాయించిన మెనూహినే ఆయన. భార్యకు పుట్టినరోజు కానుకగా మూడో పియానో కాన్సర్టో రాస్తూ, చివరి పదిహేడు గతుల వాద్యవిభజన మిగిలి ఉండగా, 1945 సెప్టెంబరు 26న రక్తక్యాన్సరుతో న్యూయార్కులో కన్నుమూశాడు. అరవై నాలుగేళ్ళు. యుద్ధం ముగిసింది గాని ఇల్లు చేరలేదు. మిగిలిన ఆ కొంచెం పని శిష్యప్రాయుడైన టిబోర్ షేర్లీ పూర్తిచేశాడు. 1988లో ఆయన అస్థికలను బుడాపెస్ట్ తీసుకెళ్ళి ప్రభుత్వ లాంఛనాలతో ఖననం చేశారు.

ఆయన మనకేమవుతాడు?

హంగేరీవాడి జీవితం మనకెందుకని ఎవరైనా అనవచ్చు. నాకు అర్థమైనది చెబుతాను. చదువుకున్నవాళ్ళు చిన్నచూపు చూసిన రెండింటిని బార్టోక్ నెత్తిన పెట్టుకున్నాడు. ఒకటి రైతు పాట, రెండు డోలు. పాటను దయతో చేరదీయలేదు. అది గొప్పదని నమ్మి దాని దగ్గర చదువుకున్నాడు. డోలును సరదాకు వాయించలేదు, దానికి దక్కవలసిన శ్రద్ధ ఇచ్చాడు. మన ఊళ్ళలో డప్పు కొట్టేవాణ్ణి పెళ్ళికీ చావుకీ పిలుస్తాం, పనైపోయాక దూరంగా కూచోబెట్టిన రోజులు మన పెద్దలు ఎరుగుదురు. ఆ చేతిలో ఉన్న లెక్క ఎంతటిదో అడిగినవాళ్ళు ఎందరు?

మా చుట్టుపక్కల ఇప్పుడు నాటు యంత్రాలు వస్తున్నాయి. నాన్న కూడా పోయినేడు రెండెకరాలు యంత్రంతోనే వేయించాడు. తప్పని నేననను. వంగి నాటే ఆడవాళ్ళ నడుములకు అది మేలే. కాని ఆ నడుములతోపాటే ఊడ్పుల పాట కూడా లేచి వెళ్ళిపోతుంది. మామ్మ వయసువాళ్ళు పోతే అది ఎవరికీ రాదు. బార్టోక్ పట్టిన పాటల్లో చాలా వాటికి ఆ మైనపు గొట్టాలూ ఆయన రాతప్రతులే చివరి దిక్కయ్యాయి.

ఆయన ఫోనోగ్రాఫ్ మోసుకొని కొండలెక్కాడు. మన జేబుల్లో దానికి వందరెట్లు మంచి యంత్రం పగలూ రాత్రీ ఉంటున్నది. సెలవులకు ఇళ్ళకు వెళ్ళే మిత్రులారా, ఈసారి ఇంట్లో పెద్దవాళ్ళ పక్కన కూచుని ఒక్క పాటైనా పట్టుకురండి. ఊరి డప్పు వాద్యగాడి దగ్గరికి వెళ్ళి ఆ దరువుల పేర్లేమిటో, ఏ దరువు ఏ సందర్భానికో అడిగి రాసుకోండి. మొదట వాళ్ళు నవ్వుతారు, కాదంటారు. రెండోరోజు కూడా వెళ్ళండి. బార్టోక్ అలాగే వెళ్ళాడు.